వెంకట్రాములు జామీను

ఈ వారమే పత్రిక తెరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. వెంకట్రాములు పట్టిన ఓపికలో అది పదోవంతు కూడా కాదు.

రువైస్‌లో రిఫైనరీ కడుతున్న రోజులు. ఎటు చూసినా ఇసుక, ఒక పక్క సముద్రం. ఊరంటూ కంటబడాలంటే అబూదాబీ దాకా పోవాలి. ఆ ఇసుకలో కంపెనీవాళ్ళ చెక్కగదుల క్యాంపు. దానికి మేనేజరు లారిమర్ దొర, స్కాట్లండు మనిషి. అక్కడ సముద్రం ఒడ్డున ఇన్వర్‌కారీ అనే చిన్న పట్నం ఆయనది. ఆ పట్నాన్ని వెనకటి రోజుల్లో ఒక కౌన్సిలు ఎలా నడిపిందో ఆయనకు కంఠతా వచ్చు. తన ముత్తాతల ముత్తాతలు అందులో పెద్దమనుషులు. కుళాయి తగాదాలూ మోరీ తగాదాలూ తన బల్ల దాకా రాకుండా ఉండాలని ఆయన క్యాంపులో కూడా అచ్చం అలాంటి కౌన్సిలే పెట్టాడు. దానికి పెద్ద ప్రొవోస్టు, అంటే దొరే. ఆయన కింద తీర్పులు చెప్పేవాళ్ళు బేలీలు. దిగిపోయే కౌన్సిలు ఎక్కే కౌన్సిల్ని ఎంచుతుంది, జనం ఓట్లూ గీట్లూ లేవు. ఎంపికైనవాడు కాదనడానికి వీల్లేదు. ఇన్వర్‌కారీలో కాదన్నవాణ్ణి గంట గోపురం కింద గదిలో పెట్టి, సరేననేదాకా తాళం తీసేవారు కాదట.

అలా కాదనలేక బేలీ అయినవాడే మన వెంకట్రాములు. జగిత్యాల పక్క పల్లెటూరివాడు, సైటులో ఇనుప కడ్డీలు వంచే పని. బేలీ అయిన రోజునుంచి అతనికి కంటినిండా నిద్ర లేదు. టాయిలెట్లో నీళ్ళు రాకపోయినా బేలీ, ఒకడి లుంగీ ఇంకొకడి తాడు మీద ఆరినా బేలీ. మెడలో వేసుకోమని దొర ఇచ్చిన నీలం రిబ్బను చూస్తేనే అతనికి ఒళ్ళు మండేది.

కిందటి వారం ఆ మంట నిజం మంటే అయింది. వెంకట్రాములు ఇంకా కొందరితో కలిసి ఉండే గదిలో కిరసనాయిలు స్టౌ పేలి గోడ కాలింది. గదుల్లో వంట చేయకూడదని రూలు, మెస్సు కూడు తినలేక అందరూ చేస్తారు. ఎవరి చేతిలో పేలిందో ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు వెంకట్రాములు, ఇది తన బావ లింబాద్రి చేతి పనే అనుకుని అతణ్ణి పక్కకు పిలిచి, "నాతోని తప్పైందని ఒక్క మాటను బావా. మనూర్ల లెక్క ఇంత దండుగ ఏసి ఇడిసిపెడ్తరు. కథ ఖలాస్" అన్నాడు. లింబాద్రి నిండు సభలో లేచి నిలబడి తప్పు తనదేనన్నాడు. ఆ తరువాతే కౌన్సిలు గుమాస్తా గులాం మొహిద్దీన్ రూలు చదివి వినిపించాడు: నిప్పు తప్పు ఒప్పుకున్నవాడికి దండుగ లేదు, ఊరు వెళ్ళగొట్టడమే. ఊరంటే ఇక్కడ క్యాంపు. క్యాంపునుంచి వెళ్ళగొట్టడమంటే వీసా క్యాన్సిల్, విమానం. ఆ తీర్పు చదవవలసిన బేలీ ఎవరయ్యా అంటే వెంకట్రాములే.

అదీ సంగతి. ఇక ఈ శుక్రవారం.

సెలవు రోజు కదా, క్యాంపంతా బట్టలు ఉతుక్కుంటోంది. వెంకట్రాములు రిబ్బను జేబులో కుక్కుకుని దొర ఆఫీసుకు నడిచాడు. గాలిలో తేమకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇంకాసేపట్లో మెస్సు హాల్లో కౌన్సిలు కూర్చుంటుంది. సెప్టెంబరు ఆఖరులో పాత కౌన్సిలు దిగిపోయే ముందు చేతిలో ఉన్న తగవులన్నీ తెంచేసి దిగాలట, ఇన్వర్‌కారీ పద్ధతి. ఈలోగా ఏదో ఒకటి చేయకపోతే అక్క ఐలవ్వకు ఏం జవాబు చెప్పాలి? లింబాద్రికి వీసా తెప్పించినవాడు తనే. "మీ బావకు నోరెక్కువ, బుద్ధి తక్కువ. జర చూసుకో తమ్మీ" అని బస్సు దగ్గర చెప్పి పంపింది.

ఆఫీసులో దొర టీ తాగుతున్నాడు. గులాం మొహిద్దీన్ పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్నాడు. ఈ మొహిద్దీన్ హైదరాబాదువాడు, దొర ఇంగ్లీషునూ మనవాళ్ళ మాటనూ అటూ ఇటూ మోసేవాడు ఆయనే.

"మొహిద్దీన్ భాయ్, దొరకు చెప్పు. మా బావ తప్పు ఒప్పుకున్నడు. ఒప్పుకున్నోన్ని కొడ్తరా ఎవరన్న?"

మొహిద్దీన్ చెప్పాడు. దొర కప్పు కింద పెట్టి ఎంతో నెమ్మదిగా జవాబిచ్చాడు. ఆయన మంచివాడే, అదే తంటా. కసురుకునేవాడైతే తిట్టుకునైనా బయటపడవచ్చు.

"దొర ఏమంటున్నడంటే, ఒప్పుకున్నడు గనకనే శిక్ష. ఒప్పుకోకుంటే సాక్షులు కావాలె, సాక్షులు లేకుంటే కేసే లేదు. మీవాడు నోరు మూసుకొని కూసుంటే ఇయ్యాల ఎవ్వరికీ ఏం కాకపోతుండె అంటున్నడు."

వెంకట్రాములు నెత్తి కొట్టుకున్నాడు. ఆ నోరు తెరిపించింది తనే.

దొర లేచి గోడకున్న బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. రాతి ఇళ్ళు, మధ్యలో గంట గోపురం, వెనకాల సముద్రం. వేలితో ఒక సందు చూపిస్తూ మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఇన్వర్‌కారీలో ఇళ్ళన్నీ గడ్డి కప్పులే. పక్కింట్లోంచి నిప్పు తెచ్చుకునే ఆడవాళ్ళు కుండ మీద మూత పెట్టుకునే వీధిలో నడవాలి. ఒక ఏడు గాలిరోజున ఒక పనిమనిషి మూత మరిచిపోయింది. ఈ సందు మొత్తం బూడిదయింది. ఆమె ఏడ్చింది, తప్పు నాదేనంది. బేలీలకు జాలి వేసింది. జాలి వేసినా డప్పు కొట్టించి పొలిమేర దాటించారు. మళ్ళీ ఊళ్ళో కాలు పెడితే చెంప మీద వాత పెడతామన్నారు. ఆ తరువాత ఆ ఊళ్ళో మూత మరిచిన మనిషి లేదు.

"ఆ ఆడమనిషి ఏమైపోయింది?" అన్నాడు వెంకట్రాములు.

మొహిద్దీన్ అడిగాడు. దొర భుజాలెగరేశాడు. కౌన్సిలు కాగితాల్లో ఆ తరువాతి సంగతి లేదట.

వెంకట్రాములుకు చిర్రెత్తుకొచ్చింది. "మావోల్ల పంచాయితి గట్ల ఉండదని చెప్పు. తప్పు చేసినోడు పదిమంది ముందట నిలవడ్తడు. తప్పైందంటడు, పెద్దమనుషుల కాళ్ళు మొక్కుతడు. దండుగ ఏస్తరు. ఆ పైసలతోని అందరు కల్లు తాగుతరు, తప్పు చేసినోనికి గూడ పోస్తరు. తెల్లారి ఎవ్వని పని వాడు చేస్కుంటడు. మనిషిని ఊర్లకెల్లి తోలేస్తే ఇగ పంచాయితి ఎందుకు, పోలీసులున్నరు కద!"

ఇది విని దొర కళ్ళు మెరిశాయి. గబగబా కాగితం తీసుకున్నాడు. వెంకట్రాములుకు ప్రాణం లేచొచ్చింది. కరిగాడు, రద్దు రాస్తున్నాడు అనుకున్నాడు.

"దొర అడుగుతున్నడు," అన్నాడు మొహిద్దీన్, నవ్వు ఆపుకుంటూ. "ఆ కల్లు ముందుగాల ఎవరికి పోస్తరు? పెద్దమనిషికా, తప్పు చేసినోనికా?"

"అరే! నా బావ కొంప మునుగుతుంటే ఈయనకు కల్లు గావల్నా!"

ఆ కేకకు మొహిద్దీన్ తర్జుమా అవసరం లేకపోయింది. దొర కలం ఆపి వెంకట్రాములు ముఖంలోకి చూశాడు. అంతసేపటికి మొదటిసారి అతని బాధ ఆయనకు తెలిసినట్టుంది. మెల్లగా కూర్చున్నాడు, గడ్డం గోక్కున్నాడు, మొహిద్దీన్‌తో చాలాసేపు మాట్లాడాడు.

"ఒక దారి ఉన్నది," అన్నాడు చివరికి మొహిద్దీన్. "ఇన్వర్‌కారీల అప్పుడప్పుడు చేసెటోల్లంట. ఊర్ల మర్యాదగల మనిషి ఒకడు జామీను నిలవడితే, వెళ్ళగొట్టుడు ఆపెటోల్లు. లింబాద్రి ఇంకో తప్పు చేసిండా, ఏ తప్పైన సరే, జామీను నిలవడ్డోడు గూడ వాని ఎంబడి పోవాలె. ఒక ఏడు దాక. నిలవడ్తవా?"

"నిలవడ్త!"

"సోచో భాయ్. మీ బావ సంగతి నీకెరుకే."

"సోచాయించేదేముంది? రాసుకో."

ఊళ్ళో జామీను నిలబడటం వెంకట్రాములుకు కొత్త కాదు. నలుగురి ముందు నాది పూచీ అంటే చాలు, చేయి కలిపి లేచిపోతారు. అతను ఆఫీసు మెట్లు దిగేటప్పుడు ఈల వేశాడు.

కౌన్సిలు ఎంతో సేపు పట్టలేదు. మెస్సు హాల్లో బల్లలు పక్కకు జరిపి కౌన్సిలర్లు కూర్చున్నారు. గోడవారగా జనం కిక్కిరిసి నిలబడ్డారు. వాచ్‌మన్ ఖాళీ పెయింటు డబ్బా మీద కట్టెతో కొట్టాడు. అది ఇన్వర్‌కారీ డప్పుకు బదులు. వెంకట్రాములు రిబ్బను మెడలో వేసుకుని లేచి, తీర్పు చదవడానికి బదులు బల్ల మీద చేయి పెట్టి, ఈ లింబాద్రి నడవడికకు నేను జామీను అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ప్రొవోస్టు దొర తల ఊపాడు. వెళ్ళగొట్టుడు ఆగిపోయింది. వెంకట్రాములు గర్వంగా బావ వైపు చూశాడు.

లింబాద్రి చప్పట్లు కొట్టలేదు, తల ఎత్తలేదు. సభ ముగియకముందే జనాన్ని తోసుకుని బయటికి పోయాడు.

సిగ్గుపడ్డాడేమోలే అనుకున్నాడు వెంకట్రాములు. పప్పూ అన్నం తిని, బావ కోసం రెండు రొట్టెలు కాగితంలో చుట్టుకుని గదికి వెళ్ళాడు. లింబాద్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి. తాళ్ళు బిగించి కట్టి ఉంది. పైన కొత్త దుప్పటి, ఐలవ్వ కోసం కొన్న చీర ప్యాకెట్టు దోపి ఉన్నాయి.

"ఇగ సంచి ఇప్పు బావా. నువ్వు ఏడికి పోవుడు లేదు. దొరను ఒప్పించేసరికి నా తల పానం తోకకొచ్చింది."

"నిన్నెవడు ఒప్పించుమన్నడు?"

వెంకట్రాములు రొట్టెలు అతని పక్కన మంచం మీద పెట్టాడు.

"ఎవడు నిలవడుమన్నడు జామీను?" లింబాద్రి గొంతు పెద్దదయింది. "ఒక్కసారి, ఒక్కసారన్న నన్ను అడిగినవా? అంత నువ్వే! బేలీవి అని రిబ్బనేస్కుంటివి, ఇగ అందరి సంసారాలు నువ్వే చక్కబెడ్తవా?"

"ఏందే బావా, నువ్వు మాట్లాడేది? ఇంటికి తోలేస్తుంటే ఆపిన. దండం పెట్టాల్సింది పోయి..."

"నేను పోవాల్ననే అనుకున్నరా!"

లింబాద్రి ఈ మాట అని అటు తిరిగి కూర్చున్నాడు. వెంకట్రాములు వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కోపం ఇంకా తగ్గలేదు, కానీ బావ మెడమీద చెమట చూస్తే ఇంకేదో ఉందనిపించింది.

"పోశయ్య యాదికున్నడా?" అన్నాడు లింబాద్రి, గోడకేసి చూస్తూ.

ఎందుకు గుర్తుండడు? ఎండాకాలంలో చిమ్నీ దగ్గర లింబాద్రితో కలిసి స్కాఫోల్డింగు, అంటే పైపుల పరంజా, కడుతూ పైనుంచి పడి చనిపోయిన కోరుట్ల పోశయ్య. శవాన్ని పెట్టెలో పంపారు.

"వాడు వడ్డప్పుడు వాడు పట్టుకున్న పైపుకు రెండో కొస నా చేతుల ఉండె. వాడు ఇడిసిండు, నేను ఇడువలే. అంతనే తేడా. అప్పటిసంది నిచ్చెన మీద కాలు వెడితె మోకాళ్ళు నావి కావు. మొదటి వరుస దాటితే చేతులకు చెమట్లు. పైపు జారుతది. కడుపునొప్పి అన్న, జరం అన్న. ఇగ డాక్టరు సెలవు రాయనంటున్నడు."

"అమీర్ జాన్‌కు చెప్పకపోయినవా? కిందపని ఏదన్న ఇస్తుండె గద."

అమీర్ జాన్ స్కాఫోల్డింగు ఫోర్‌మన్, పఠాను.

"చెప్పిన. స్కాఫోల్డింగుకు వచ్చినోనివి కింద ఏం చేస్తవు, చాయ్ పెడ్తవా అని నవ్విండు. రాజీనామా చేద్దామంటే టికెట్ మనదే, వీసా ఖర్చు మనదే. అదే వాల్లు వెళ్ళగొడితె టికెట్ కంపెనీది. మొహిద్దీన్ భాయిని అడిగి తెల్సుకున్న. నిప్పు తప్పుకు ఏం చేస్తరని. పంపుడే అన్నడు. నువ్వు తప్పు ఒప్పుకొమ్మని చెప్పకముందే నేను ఒప్పుకుందామనుకున్న."

"మరి ఆ స్టౌ..."

"నాది గాదు. ఎవ్వనిదో నాకెరుక లేదు."

వెంకట్రాములుకు ఏడవాలో తన్నాలో తెలియలేదు. వారం రోజులుగా తన వల్లే బావ బతుకు పాడయిందని అన్నం సయించక తిరిగాడు. ఈ మనిషేమో సంచి సర్దుకుని విమానం కోసం కూర్చున్నాడు!

"నాకొక్కనికి చెప్తే ఏంబోయేది? అయ్యో మనిషీ! ఒకే గదిల పంటిమి, ఒక్క గిన్నెల తింటిమి. ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్త?" లింబాద్రి ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను నీ అక్క మొగణ్ణి. ఊర్ల తాటిచెట్లెక్కేటోల్ల ముందట నేను గూడ ఎక్కుత అని పందెం కట్టినోన్ని. భయమైతుందిరా అని బామ్మర్దికి ఎట్ల చెప్పుకుంట?"

బయట ఎవరో కుళాయి కోసం అరుచుకుంటున్నారు. "బేలీ! ఓ బేలీ!" అని పిలిచారు. వెంకట్రాములు కదల్లేదు. బావను చూస్తే జాలి వేసింది, అంతకన్నా ఎక్కువగా తన మీద తనకు చిరాకు వేసింది. అడగకుండా సలహా, అడగకుండా జామీను.

"ఇప్పుడే పోయి జామీను వాపస్ తీసుకుంట," అని లేచాడు.

మొహిద్దీన్ తన గది ముందు కుర్చీ వేసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సంగతంతా విని సబ్బు నురగతోనే నిట్టూర్చాడు. "జామీను వాపస్ లేదు భాయ్. ప్రొవోస్టు ఒక్కడే తీసెయ్యాలె. దొర ఇప్పుడే అబూదాబీ పోయిండు, ఎల్లుండి గాని రాడు."

"మరి రేపు మా బావను పైకి ఎక్కియ్యొద్దని కౌన్సిలు నుంచి ఒక చిట్టి రాసియ్యి. నేను సంతకం పెడ్త. బేలీని గద."

"ఏ కౌన్సిలు? కౌన్సిలు హుకుం క్యాంపు గేటు దాక. గేటు దాటితే సైటు. అక్కడ నువ్వు బేలీవి కాదు, నేను గుమాస్తాను కాదు. ఇన్వర్‌కారీల గూడ గంతేనంట, పొలిమేర రాయి దాటితే ప్రొవోస్టు మాట గూడ చెల్లకపోయేది."

"గీ కౌన్సిలుతోని నాకేం ఫాయిదా మరి!"

మొహిద్దీన్ కత్తి మళ్ళీ గడ్డానికి ఆనించాడు. అది క్యాంపులో అందరూ ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నే.

తిరిగి వచ్చి చెబితే లింబాద్రి పోట్లాడలేదు. అప్పటికే సంచి తాళ్ళు విప్పి, దుప్పటి పరుపు మీద పరిచాడు.

"రేపు పనికి పోకు బావా. ఈడనే పండుకో. ఏమైతే అయితది."

"పనికి పోకుంటె అది గూడ తప్పే. తప్పైతే నువ్వు గూడ పోతవ్. ఇద్దరం ఒక్కసారి ఇంటికి వోయి మీ అక్కకు ఏం మొకం చూపిద్దాం?" లింబాద్రి రొట్టె ముక్క తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు. "నువ్వు మంచికే చేసినవ్‌రా. నాకెరుకే."

తిట్టినా అంత బాధ వేసేది కాదు వెంకట్రాములుకు.

శనివారం పొద్దున అతను తన కడ్డీల గ్యాంగు లారీ వదిలిపెట్టి స్కాఫోల్డింగు లారీ ఎక్కాడు. దారి పొడుగునా బావ పక్కనే కూర్చున్నాడు. సైటులో దిగగానే పరుగెత్తుకుంటూ వెళ్ళి అమీర్ జాన్ ముందు నిలబడ్డాడు. తనకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని చెప్పాడు. ఈ రెండు రోజులు లింబాద్రికి కింద పని ఇవ్వు, దొర రాగానే మాట్లాడుకుంటాను, నేను క్యాంపు బేలీని.

అమీర్ జాన్ చెడ్డవాడు కాదు. చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు, పైన క్రేను మోగుతోంది, ముదీర్, అంటే సైటు మేనేజరు, ఆ పూటకు రెండు వరుసలు పూర్తి కావాలన్నాడు. "బేలీ క్యాంప్ మే," అన్నాడు వెంకట్రాములు భుజం తట్టి. "యహా అమీర్ జాన్. యల్లా, అప్నా కామ్ దేఖో."

లింబాద్రి నడుముకు బెల్టు కట్టుకున్నాడు. చేతులకు ఇసుక రుద్దుకున్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టాడు.

మొదటి వరుస దాటాడు. వెంకట్రాములు ఊపిరి తీసుకున్నాడు. రెండో వరుస దగ్గర కాస్త ఆగి, మళ్ళీ కదిలాడు. బాగానే ఎక్కుతున్నాడే అనిపించింది. కింద కూలీలు ఎవరి పనిలో వాళ్ళున్నారు. అమీర్ జాన్ అటు తిరిగి ఇంకొకణ్ణి కేకలేస్తున్నాడు.

మూడో వరుస దగ్గర లింబాద్రి ఆగిపోయాడు. అక్కడినుంచి పక్క పైపుకు మారాలి. మారాలంటే బెల్టు కొక్కెం ఇక్కడ విప్పి అక్కడ తగిలించుకోవాలి. అతను కొక్కెం విప్పాడు. విప్పిన చేయి గాలిలోనే ఉండిపోయింది. రెండో చేత్తో పైపును వాటేసుకుని, కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

కళ్ళు మూసుకున్నంతసేపూ అతను పడడు. పైన ఉన్నవాళ్ళెవరైనా చూస్తే మెల్లగా వచ్చి పట్టుకుంటారు. వెంకట్రాములు నోరు మూసుకుని ఉంటే చాలు.

"బావా!" అని అరిచాడు వెంకట్రాములు.

లింబాద్రి కళ్ళు తెరిచి కిందికి చూశాడు.